మిస్ మార్వెల్ (కమలా ఖాన్) కొత్త సిరీస్: హైదరాబాద్‌లో నెలనెలా కలిసి చదివేవాళ్లు ఇక్కడికి రండి

పదహారో_పేజీ | 9 ఫిబ్రవరి 2014
మన ఊళ్లో కామిక్స్ చదివేవాళ్లంతా ఒకసారి ఇటు రండి. మొన్న బుధవారం, 5వ తేదీన, మార్వెల్ వాళ్ల కొత్త మిస్ మార్వెల్ మొదటి సంచిక వచ్చింది. రాసింది జి. విల్లో విల్సన్, బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనా, ఎడిటర్ సానా అమానత్. హీరో పదహారేళ్ల కమలా ఖాన్. ఉండేది న్యూజెర్సీలోని జెర్సీ సిటీ, అమ్మానాన్నలు కరాచీ నుంచి వెళ్లినవాళ్లు.

అసలు నన్ను పట్టేసింది ఆ ఇల్లు. అన్న జానమాజ్ (నమాజు చేసే చాప) మీంచి లేవడు, నాన్నేమో ఉద్యోగం చూసుకోరా అంటాడు. పిల్ల గదిలో కూర్చుని అవెంజర్స్ మీద కథలు రాసుకుంటుంది. పార్టీకి వెళ్తానంటే మగపిల్లలుంటారు, వద్దంటారు. కిటికీలోంచి దూకి వెళ్లిపోతుంది. కూకట్‌పల్లిలో మా ఇంట్లో పదిహేనేళ్ల కింద జరిగిన గొడవే ఇది, కిటికీ ఒక్కటే తేడా.

నెలకో సంచిక. వచ్చిన వారంలో చదివి ఇక్కడ మాట్లాడుకుందాం. కథ బయటపెట్టే పోస్టయితే పైన 'స్పాయిలర్' అని రాయండి.

సికింద్రాబాద్_సీను | 9 ఫిబ్రవరి 2014
నేనున్నా అక్కా! కొత్తవాళ్ల కోసం కాస్త వెనకటి కథ. మిస్ మార్వెల్ అనే పేరు మొదట, 1977లో, కరోల్ డాన్వర్స్‌ది. 2012లో ఆమె కెప్టెన్ మార్వెల్ అయ్యింది, ఆ పేరు ఖాళీ అయ్యింది. కమల ఆమెకి వీరాభిమాని. పోయినేడు 'ఇన్ఫినిటీ' కథలో టెరిజెన్ అనే పొగమంచు ప్రపంచమంతా కమ్మింది. కొందరి రక్తంలో దాగున్న శక్తి దాంతో నిద్రలేస్తుంది. కమలకి జరిగింది అదే. ఇంతకు మించి పాతవేవీ చదవక్కర్లేదు, నేరుగా ఒకటో సంచిక పట్టుకోండి.

మూసీ_గాలి | 10 ఫిబ్రవరి 2014
నేను చదివిన. బాగనే ఉన్నది గాని నాకొక అనుమానం. పాత పేరుకి కొత్త మొకం పెట్టి అమ్ముడు వీళ్లకి అలవాటు. ఆరు నెలలు వార్తలల్ల ఉంటది, తర్వాత బంద్ చేస్తరు. ముస్లిం పిల్ల అని రాసుకుంటున్నరు గద, ఆ పిల్లకు సొంత కథ ఉంటదా, లేకుంటే పోస్టర్ మీద బొమ్మేనా? ఐదు సంచికలు చూసినంక మాట్లాడుత.

పదహారో_పేజీ | 10 ఫిబ్రవరి 2014
న్యాయమైన అనుమానమే. కానీ ఒక్క సంగతి: రాసినామె కైరోలో ఉండొచ్చిన జర్నలిస్టు, తను కూడా ఇస్లాం స్వీకరించిన మనిషి. ఎడిటర్ న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబం అమ్మాయి. ఇంటి లోపలి నుంచి రాస్తున్నారనిపించింది నాకు. ఐదు సంచికలయ్యాక మిమ్మల్ని అడుగుతాను.

టోలిచౌకి_పిల్ల | 15 ఫిబ్రవరి 2014
అందరికీ సలాం. నేను ఇంటర్ ఫస్టియర్. ఇంట్లో ఉర్దూ, తెలుగు బడిలో నేర్చుకున్నాను, తప్పులుంటే చెప్పండి. అన్న ఫోన్లో చదివాను.

స్పాయిలర్. పొగమంచులో కమలకి కెప్టెన్ మార్వెల్, ఐరన్ మ్యాన్, కెప్టెన్ అమెరికా కనబడతారు కదా, అక్కడ కెప్టెన్ మార్వెల్ ఏం చెబుతుందో గమనించారా? అది సూఫీ కవి అమీర్ ఖుస్రో గారి బసంత్ (వసంతం) పాట. ఆవాలు విరబూసిన అడవి పాట! దర్గాల్లో ఖవ్వాలీగా పాడతారు, మా దాదీ పని చేసుకుంటూ పాడేది. అమెరికా కామిక్‌లో, అంత పెద్ద హీరో నోట్లో ఆ మాటలు చూసి ఫోన్ పక్కన పెట్టేశాను. కాసేపు చదవలేకపోయాను.

ఇంకోటి. స్నేహితురాలు నకియా హిజాబ్ వేసుకుంటుంది, వాళ్ల నాన్న వద్దంటాడు. కమల వేసుకోదు. ఇద్దరూ ఫ్రెండ్సే. మా క్లాసులో కూడా ఇంతే. టీవీలో ఎప్పుడూ ఇలా చూపించరు.

ట్యాంక్‌బండ్_తాత | 16 ఫిబ్రవరి 2014
అమ్మాయీ, నీ తెలుగుకి ఏ లోటూ లేదు. ఆ ఖుస్రో సంగతి నువ్వు చెప్పకపోతే నేను ఆ పేజీ అలాగే తిప్పేసేవాణ్ణి. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను.

నా వయసు అరవై దాటింది. మా చిన్నప్పుడు 'చందమామ' వచ్చే రోజున ఇంట్లో కొట్లాట. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్, చిత్ర గారి బొమ్మ, చివర్న ఎవడో లోయలోకి జారుతుండగా 'ఇంకా ఉంది'. నెల్లాళ్లు వాడు గాల్లోనే వేలాడేవాడు, వాడితోపాటు మేమూనూ. తర్వాత ఇంద్రజాల్ కామిక్స్‌లో ఫాంటమ్. అది 1990లో ఆగిపోయాక నెలనెలా ఎదురుచూడటమనేది నా జీవితంలోంచి పోయింది. మనవడు ఈ సంచిక చేతిలో పెట్టినప్పుడు చివరి పేజీ చూసి 'మరి తర్వాత?' అన్నాను. వాడు నవ్వి 'మార్చి దాకా ఆగాలి తాతా' అన్నాడు. ఆ మాట విని ఎన్నాళ్లయ్యిందో!

లెక్కల_టీచర్ | 2 మార్చి 2014
మా అబ్బాయికి పద్నాలుగు. వాడికి కొనచ్చా? ధర ఎంత, ఎక్కడ దొరుకుతుంది?

సికింద్రాబాద్_సీను | 2 మార్చి 2014
నిస్సంకోచంగా కొనండి మేడమ్. రక్తపాతం లేదు. పార్టీలో కమలకి చెప్పకుండా ఆరెంజ్ జ్యూస్‌లో మందు కలిపి ఇచ్చే చోటు ఒకటుంది. ఆ అమ్మాయి వెంటనే ఉమ్మేస్తుంది. ధర 2.99 డాలర్లు, మన లెక్కలో 180 రూపాయలు పైచిలుకు, 20 పేజీల కథ. ఫోన్లో, టాబ్లెట్‌లో కొనుక్కుంటే విడుదలైన రోజే చదవచ్చు. కాగితం మీదే కావాలంటే షాపులో ముందే చెప్పి పెట్టుకోవాలి. అమెరికాలో షాపులు ముందుగా ఎన్ని చెబితే దాదాపు అన్నే అచ్చేస్తారు, మిగిలినవి మన దాకా రావడం కష్టం.

పదహారో_పేజీ | 3 మార్చి 2014
నేను జనవరిలోనే ఒక షాపులో డబ్బు కట్టాను, ఇప్పటికీ రాలేదు. అడిగితే 'వచ్చే వారం' అంటున్నారు. మొదటి సంచిక కాగితం మీద పట్టుకోవాలని ఎంతో ఆశపడ్డాను. చివరికి బెంగళూరు నుంచి వస్తున్న స్నేహితురాలి చేత తెప్పించుకుని కాగితం మీద మళ్లీ చదివాను. కాబట్టి మేడమ్, డబ్బు కట్టే ముందు తేదీ రాయించుకోండి.

బొమ్మలబ్బాయి | 23 మార్చి 2014
రెండో సంచిక చదివాను. నేను యానిమేషన్‌లో పని చేస్తాను, బొమ్మల గురించి ఎవరూ మాట్లాడట్లేదని వచ్చాను.

అల్ఫోనా గీత సన్నగా, కాస్త వణికినట్టు ఉంటుంది. పదేళ్ల కింద 'రనవేస్' అనే పిల్లల సిరీస్‌తో పేరొచ్చింది ఆయనకి. అంటే ఈ వయసు పిల్లల భుజాలు ఎలా వంగుతాయో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఎలా నిలబడతారో ఆయనకి బాగా తెలుసు. (స్పాయిలర్) నీళ్లలో పడిన క్లాస్‌మేట్ జోయీని కమల తీసే పేజీ చూడండి. చెయ్యి పెరిగి పెరిగి గది అంత అవుతుంది. కండలు తిరిగిన చెయ్యి కాదది. ముద్దలా, మెత్తగా, చపాతీ పిండి సాగదీసినట్టుంటుంది. మామూలుగా సూపర్‌హీరో బొమ్మంటే వ్యాయామశాలలో దేహం. ఇక్కడ శక్తి చూడ్డానికి అందంగా ఉండదు. పదహారేళ్లప్పుడు ఒళ్లు మన మాట వినదు కదా, రాత్రికి రాత్రే కాళ్లు పొడుగైపోతాయి, గొంతు మారిపోతుంది. ఆ ఇబ్బందే ఈ బొమ్మ.

ఇయాన్ హెరింగ్ రంగులు కూడా చూడండి. మెరుపులు లేవు, నీటి రంగులు వేసి ఆరబెట్టినట్టు ఉన్నాయి. వెనకాల డబ్బాల మీద, గోడల మీద చిన్న చిన్న రాతలుంటాయి, మొదటి సంచికలో తిండి బల్ల మీద ఉన్న సీరియల్ డబ్బా పేరు చదవండి. ఫోన్లో చదివేవాళ్లు పెద్దది చేసి చూడండి, లేకపోతే సగం పోగొట్టుకుంటారు.

టోలిచౌకి_పిల్ల | 24 మార్చి 2014
పరీక్షలైపోయాయి! రెండోది చదివాను. జోయీ తనని అంత చిన్నచూపు చూసినా కమల ఆగదు. వాళ్ల నాన్న చెప్పే ఖురాన్ మాట గుర్తొస్తుంది: ఒక్క ప్రాణం కాపాడితే మొత్తం మానవజాతిని కాపాడినట్టే. మా అబ్బూ కూడా ఇదే చెబుతారు, రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే దుకాణం వదిలేసి పరిగెడతారు.

కానీ నాకు బాధేసిన చోటు వేరే. శక్తి రాగానే కమల చేసిన మొదటి పని ఏంటి? తెల్ల తోలు, బంగారు జుట్టుతో కరోల్‌లా మారిపోవడం. అలా అవ్వాలనే కోరుకుంది. అయ్యాకేమో బట్టలు బిగుతు, జుట్టు కళ్లలో పడుతుంది, ఏమీ బాగుండదు. నేను ఎనిమిదో తరగతిలో తెల్లబడే క్రీము అడిగి ఏడ్చాను. అమ్మీ కొనివ్వలేదు. అప్పుడు కోపం వచ్చింది.

లెక్కల_టీచర్ | 25 మార్చి 2014
తల్లీ, నీ పోస్టు మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ చదివి వినిపించాను, ఏమనుకోకు. మా అబ్బాయి రెండు సంచికలూ చదివేశాడు. అమ్మాయి హీరో అని మొదట ముఖం ముడిచినవాడు ఇప్పుడు మూడోది ఎప్పుడని అడుగుతున్నాడు.

మూసీ_గాలి | 20 ఏప్రిల్ 2014
మూడోది చదివిన. మసీదుల ఆడపిల్లలు పరదా ఎనకాల కూసొని వినే సీన్ ఉన్నది గద. కమల లేచి, మాకు మీరు కనబడుతలేరు, గిట్లయితే ఎట్ల వినాలె అని అడుగుతది. షేక్ అబ్దుల్లా జవాబిస్తడు, విసుక్కుంటడు గాని రాక్షసుడు కాడు. నేను భయపడ్డది ఏందంటే, బయటోళ్ల మెప్పు కోసం మతం మీద రాయేస్తరేమోనని. గట్ల చెయ్యలె. ఇంటి పిల్ల ఇంట్ల కొట్లాడినట్టున్నది. నా అనుమానం సగం పోయింది. ఇంకో సగం ఉన్నది.

సికింద్రాబాద్_సీను | 20 ఏప్రిల్ 2014
సగం పోయిందంటే చాలు అన్నా!
సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. పిల్లల్ని కథ మధ్యలో నిలబెట్టడం మొదట్నుంచీ లేదు. 1940లో రాబిన్ వచ్చాడు, బ్యాట్‌మ్యాన్ పక్కన. ఆ తర్వాత చాలా మంది పెద్ద హీరో పక్కన తోడుగానే ఉన్నారు. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో స్పైడర్‌మ్యాన్ తెచ్చాక లెక్క మారింది. బడికెళ్లే పిల్లాడు, వాడికి పైన పెద్ద హీరో ఎవరూ లేరు. 2011లో మైల్స్ మొరాలెస్ వచ్చాడు, బ్రూక్లిన్ పిల్లాడు. కమల ఆ వరసలోదే. కానీ తను ఆ హీరోల గురించి కథలు రాసుకునే అభిమాని కూడా. అంటే మన పక్కన కూర్చున్న మనిషి కథలోకి వెళ్లిపోయింది.

మూసీ_గాలి | 1 జూన్ 2014
రేపు మన రాష్ట్రం వస్తున్నది, ఊరంతా దీపాలు పెడుతున్నరు. గీ సందట్ల గూడ నాలుగోది చదివిన, చెప్పకుండ ఉండలేను.

స్పాయిలర్. కరోల్ రూపంల ఉన్నప్పుడు తుపాకి గుండు తగిలింది గద. నెత్తురు కారుతున్నది. ఎప్పుడైతే తన సొంత రూపంలకి వస్తదో గాయం మాయమైతది. ఎవరూ చెప్పలె, ఎవరూ పాఠం చెప్పలె. కథ తీరే గట్ల పెట్టిన్రు. ఇంకొకరి లెక్క ఉంటే దెబ్బ మిగులుతది, నీ లెక్క నువ్వుంటే మానుతది. యాభై ఏండ్లు మా యాసని సినిమాల్ల నవ్వుల కోసం పెట్టిన్రు, కాలేజీల నేను మాట మార్చుకొని మాట్లాడిన రోజులున్నయి. నాకు ఈ పేజీ గట్టిగ తగిలింది. పదహారో_పేజీ అక్కా, ఐదో సంచిక దాక అవసరం లేదు. నా అనుమానం మొత్తం పోయింది.

పదహారో_పేజీ | 1 జూన్ 2014
ఈ పోస్టు మూడుసార్లు చదివాను. మీ యాసలోనే మాట్లాడండి అన్నా, ఇక్కడ మేమందరం వింటాం.

ట్యాంక్‌బండ్_తాత | 2 జూన్ 2014
కొత్త రాష్ట్రం శుభాకాంక్షలు నాయనా. రాత్రి ట్యాంక్‌బండ్ మీద బాణసంచా చూస్తూ నీ పోస్టే తలుచుకున్నాను.

టోలిచౌకి_పిల్ల | 6 జూలై 2014
రంజాన్ ముబారక్ అందరికీ. ఐదోది వచ్చిన వారమే చదివాను కానీ ఇక్కడ రాయడానికి ఆగాను. ఎందుకో చెబుతాను. స్పాయిలర్.

రాత్రి ఇంటికి ఆలస్యంగా వస్తుంది కమల. నాన్న తిట్టడు. పక్కన కూర్చోబెట్టుకుని తన పేరు కథ చెబుతాడు. అరబీలో కమాల్ అంటే ఏ లోపం లేకపోవడం, సంపూర్ణం. ఇంకొకరిలా ఉండక్కర్లేదు, నువ్వు ఉన్నట్టే బాగున్నావు అని అర్థం వచ్చేలా చెబుతాడు.

మా బడిలో తెలుగు మేడమ్ కమల అంటే తామరపువ్వు అని చెప్పింది. మా గల్లీలో 'కమాల్ కియా' అంటే అదరగొట్టావని. బండి మీద కమలాపండ్లు అమ్ముతారు. ఒకే పేరు ఇన్ని చోట్ల తిరుగుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

నిన్న ఇఫ్తార్ అయ్యాక అబ్బూ అలసిపోయి గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఈ రెండు పేజీలు ఉర్దూలో చేసి చదివి వినిపించాను. ఫోన్ తీసుకుని బొమ్మలో నాన్న గడ్డం చూశారు. 'ఇతను నాకంటే లావు' అన్నారు. తర్వాత చాలా సేపు ఏమీ అనలేదు. తరావీ నమాజుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, నా పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పారు. పదహారేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. అది ఇక్కడ రాయను, నా దగ్గర ఉంచుకుంటాను.

లెక్కల_టీచర్ | 6 జూలై 2014
ఉంచుకో తల్లీ. అది నీదే.

బొమ్మలబ్బాయి | 27 జూలై 2014
ఆరోదానికి జేకబ్ వ్యాట్ అనే వేరే చిత్రకారుడు బొమ్మలేశాడు. మార్వెల్ పాత హీరో వుల్వరిన్ వస్తాడు, మురుగు కాలువలో ఇద్దరూ కలిసి పోట్లాడతారు. వుల్వరిన్‌కి గాయాలు మానే శక్తి పోయిన సమయమిది, ముసలాయనకి పదహారేళ్ల పిల్లే తోడు. గీత ఇంకా గుండ్రంగా, చురుగ్గా ఉంది. బాగుంది, కానీ నాకు అల్ఫోనా వణుకే ఇష్టం.

నేనొచ్చింది వేరే పని మీద. సరదాగా ఒక పేజీ తెలుగులోకి మార్చి చూశాను, నా కోసమే. ఒక్క మాట దగ్గర చిక్కుపడ్డాను. పెద్దగా అయ్యేటప్పుడు కమల 'ఎంబిగ్గెన్' అని అరుస్తుంది. దీనికి తెలుగేంటి?

సికింద్రాబాద్_సీను | 27 జూలై 2014
'పెరుగు!' అంటే సరిపోతుందిగా?

లెక్కల_టీచర్ | 27 జూలై 2014
బొమ్మ పక్కన ఆ మాట ఒక్కటే ఉంటే పిల్లలు గిన్నెలో పెరుగు అనుకుంటారు బాబూ. 'ఉబ్బు' అంటే వాపు. 'ఎదుగు' బాగుంటుందేమో.

ట్యాంక్‌బండ్_తాత | 28 జూలై 2014
మన దగ్గర ఈ పనికి మాట ఎప్పుడో ఉంది. పోతన వామనుణ్ణి ఆకాశం దాకా పెంచాడు గదా. 'ఇంతింతై!' అనిపించండి. తెలుగు చదువుకున్న ఎవరికైనా ఆ ఒక్క మాటతో పొట్టి వటువు మబ్బులు దాటడం కళ్ల ముందు కనబడుతుంది. చిన్నదైపోయేటప్పుడు 'అణిమ', బరువెక్కేటప్పుడు 'గరిమ'. అష్టసిద్ధులు ఉన్నాయి, వాడుకోండి.

మూసీ_గాలి | 28 జూలై 2014
తాతా, కమాల్ చేసినవ్.

టోలిచౌకి_పిల్ల | 28 జూలై 2014
ఇంతింతై! మా తెలుగు మేడమ్ ఈ పద్యం బట్టీ పట్టించింది. పరీక్ష కోసమే అనుకున్నాను. కమల నోట్లో పెడితే ఎంత బాగుంది! కానీ తనది ముస్లిం ఇల్లు కదా, వామనుడి మాట అంటుందా అని ఒక్క క్షణం ఆలోచించాను. తర్వాత నాకే తోచింది, నేనన్నాను కదా ఇప్పుడు. నా నోట్లో బాగానే ఉంది.

బొమ్మలబ్బాయి | 29 జూలై 2014
'ఇంతింతై' ఖాయం. ఈద్ ముబారక్ చెల్లీ!
చేసి చూస్తే తెలిసిన ఇంకో సంగతి. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటల బుడగలు చాలావరకు పెద్దక్షరాల్లో ఉంటాయి, వరస మీద వరస ఇరికించవచ్చు. మనకి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తులు. రెండు వరసల మధ్య చోటు వదలకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. అదే బుడగలో మూడింట రెండొంతుల మాటలే పడుతున్నాయి. కాబట్టి తెలుగులో కామిక్ చేస్తే అనువాదం కుదరదు, మొదట్నుంచీ తెలుగు అక్షరానికి చోటిచ్చి బొమ్మ గీసుకోవాలి. శబ్దాలు మాత్రం మనకి కొదవలేదు: ఢమాల్, టప్, జర్రున, తళుక్కున, దబ్బున. పేజీ నిండా గీయచ్చు.

టోలిచౌకి_పిల్ల | 10 ఆగస్టు 2014
అన్నా, నేను నాలుగు పేజీలు గీశాను. మెహదీపట్నం రైతుబజార్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి. శక్తి ఏంటో ఇంకా తెలీదు. బొమ్మలు బాగాలేవు, చేతులు అసలు రావట్లేదు. ఎవరైనా చూస్తారా?

బొమ్మలబ్బాయి | 10 ఆగస్టు 2014
చూస్తాను, తప్పకుండా చూస్తాను. చేతులు ఎవరికీ ముందు రావు. బస్టాపులో నిలబడ్డ వాళ్లవి రోజుకి పది చేతులు గీయి, ముఖాలు వద్దు. సంచీ పట్టుకున్నవి, రాడ్డు పట్టుకున్నవి, చిల్లర లెక్కపెట్టేవి. నెలలో తేడా నువ్వే చూస్తావు.

పదహారో_పేజీ | 22 ఆగస్టు 2014
ఏడోది చదివారా అంతా? దాని గురించి రేపు రాస్తాను, ముందు ఒక మాట. జనవరిలో నేను డబ్బు కట్టిన షాపు నుంచి మొదటి సంచిక ఇప్పుడొచ్చింది, ఏడు నెలలకి! ఇప్పుడు నా దగ్గర రెండున్నాయి. ఇది టోలిచౌకి_పిల్లది. ఫోన్లో తప్ప కాగితం మీద తను చూడలేదు. ఒకటి నుంచి ఐదు దాకా కలిపిన పుస్తకం అక్టోబరులో వస్తుందట, అది ఎవరైనా కొనుక్కోవచ్చు, కానీ ఖుస్రో పాట ఉన్న ఈ సంచిక తన చేతిలో ఉండాలి.

ట్యాంక్‌బండ్_తాత | 22 ఆగస్టు 2014
ఆదివారం పొద్దున పదింటికి అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ముందు కలుద్దాం. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, మా ఇంద్రజాల్ కామిక్స్ ఏవైనా కనబడతాయేమో వెతుకుదాం. అమ్మాయీ, ఇంట్లో అడిగి, పెద్దవాళ్లని వెంటబెట్టుకునే రా.

టోలిచౌకి_పిల్ల | 23 ఆగస్టు 2014
అక్కా, షుక్రియా. నా నాలుగు పేజీలూ తెస్తాను. అబ్బూని అడిగాను, ఆయనే తీసుకొస్తానన్నారు. ఏడోది కూడా నిన్న రాత్రి చదివించుకున్నారు. మీ అందరినీ ఒక్కటే అడగమన్నారు: ఎనిమిదోది ఎప్పుడొస్తుంది?